తొమ్మిదో మనిషి

“ఎనిమిది మందికేనంట అన్నా. నేను లెక్కలో లేను.”

క్రిస్మస్ అయిన వారానికి బండ్రిలో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని టీ తాగుతుంటే ఆ ఇంటి కుర్రాడు నాతో అన్న మాట ఇది. బండ్రి బళ్లారి జిల్లా సండూరు తాలూకాలో ఉంది. 2021లో పాత జిల్లాను చీల్చి విజయనగర జిల్లా చేసినప్పుడు హొసపేట, కూడ్లిగి అటు వెళ్లాయి, సండూరు ఇటే ఉండిపోయింది. ఇనుప ఖనిజం తవ్వే కొండలు, వానను నమ్ముకున్న జొన్న, మొక్కజొన్న చేలు, లంబాణీ తండాలు ఉన్న తాలూకా. ఆ కుర్రాడిది ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. 2011 జూలైలో సుప్రీంకోర్టు బళ్లారి గనులను ఆపేసినప్పుడు అతను ఖనిజం లారీ మీద క్లీనర్. లారీలు నిలిచిపోయాక బెంగళూరు చేరి డ్రైవింగ్ నేర్చుకున్నాడు. ఇప్పుడు అక్కడ యజమాని టెంపో ట్రావెలర్ నడుపుతున్నాడు. ఆదివారం డ్యూటీ లేకపోతే ఆరాధనకు వెళ్తాడు. డ్యూటీ ఉంటే బండిలోనే పాటలు పెట్టుకుంటాడు.

డిసెంబరులో అతని బండిని బెంగళూరులోని ఒక తెలుగు సంఘపు యువజన సహవాసం వాళ్లు మాట్లాడుకున్నారు. ఎనిమిది మంది. నంది కొండల వైపు ఒక ద్రాక్ష తోటకు ఒక్కరోజు ప్రయాణం. తోట చూపించి, వైన్ ఎలా తయారవుతుందో చెప్పి, ఐదారు రకాలు రుచి చూపించి, భోజనం పెట్టి పంపుతారు. మిగతా సందర్శకులతో కలవకుండా వాళ్ల ఎనిమిది మందికే విడిగా ఏర్పాటు. దాన్నే ‘ప్రైవేట్ టేస్టింగ్’ అంటారు. మనిషికి వేలల్లో అవుతుంది.

బండి కదిలేముందు వాళ్లలో ఒకరు ప్రార్థన చేశారట. దొడ్డబళ్లాపుర దాకా పాటలు పాడారట. ఇతనికి చాలా సంతోషమైంది, మనవాళ్లే ఎక్కారని. తనూ గొంతు కలిపాడు. తోట గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి వెళ్లేవాళ్లను లెక్కపెట్టి, డ్రైవర్ పార్కింగ్‌లోనే ఉండాలన్నాడు. దాదాపు ఐదు గంటలు. దగ్గర్లో హోటల్ లేదు. డ్యాష్‌బోర్డులో ఉన్న బిస్కెట్ ప్యాకెట్టు తిని, సీటు వెనక్కి వాల్చి పడుకున్నాడు. సాయంత్రం వాళ్లు తిరిగి వచ్చి, క్షేమంగా ఇంటికి చేర్చమని మళ్లీ ప్రార్థన చేసి బయలుదేరారు. పొద్దుటి నుంచి రాత్రి దాకా ‘తిన్నావా తమ్ముడూ’ అని ఒక్కరూ అడగలేదు.

ఇదంతా అతను బాధపడుతూ చెప్పలేదు, నవ్వుతూ చెప్పాడు. అతను నాకు చెప్పదలుచుకున్న విషయం వేరే. పార్కింగ్ పక్కన పందిరి కింద ఒక వరస బల్లలు కనబడ్డాయట. అక్కడ కొందరు గ్లాసు తిప్పి, వాసన చూసి, నోట్లో పోసుకుని, పుక్కిలించి, పక్కనున్న చిన్న బకెట్టులో ఉమ్మేస్తున్నారట. “అంత డబ్బు పెట్టి కొనుక్కుని ఎందుకు ఉమ్మేస్తారన్నా?” అని అతని సందేహం. వాళ్ల నాన్న జీవితంలో ఒక్క చుక్క కూడా ఉమ్మలేదు. ప్యాకెట్ సారాయి తాగి తాగి నలభై ఐదేళ్లకే పోయాడు.

ఆ తోట పేరు నేను రాయను. తోటవాళ్లు వాళ్ల వ్యాపారం వాళ్లు చేసుకున్నారు, ఎనిమిది మందికి డబ్బు తీసుకుని ఎనిమిది మందికి అన్నం పెట్టారు. తొమ్మిదో మనిషిని లెక్కలో వేయాల్సింది మనవాళ్లు. ఆ సహవాసంలో ఇద్దరు నాకు తెలుసు. ఫోన్ చేసి అడిగాను. వచ్చిన సమాధానాలు విన్నాక ఇది రాయక తప్పదనిపించింది.

మొదటి సమాధానం మీరు ఊహించిందే. యేసు కూడా కానాలో నీళ్లను ద్రాక్షారసం చేశాడు కదా అన్నా!

దీనికి మన సంఘపెద్దల దగ్గర ఒక పాత జవాబు ఉంది. అది పులియని రసం, మత్తెక్కేది కాదు అంటారు. మన తెలుగు బైబిలులో ఉన్న మాట ‘ద్రాక్షారసము’. ఆ ఒక్క మాట పులిసిన దానికీ పులియని దానికీ సరిపోతుంది కాబట్టి నూరేళ్లుగా మనవాళ్లు దాని మీద వాదించుకుంటూనే ఉన్నారు. అమెరికాలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యుడు 1869లో ద్రాక్షరసం పులియకుండా కాచి సీసాలో నిలవ చేసే పద్ధతి కనిపెట్టింది ప్రభువు బల్ల కోసమే. మన ఊళ్లలో ఎండుద్రాక్ష ఉడికించి పిండేది కూడా అందుకే. ఆ వాదన తేల్చడం నా పని కాదు. అది తేలినా మన ప్రశ్న తేలదు. ఆ గ్లాసులో ఉన్నది పులియని రసమే అనుకోండి, పార్కింగ్‌లో ఉన్న మనిషి ఆకలి తీరుతుందా?

సరే, కానా పేరు ఎత్తారు కాబట్టి యోహాను సువార్త రెండో అధ్యాయం తెరిచి తొమ్మిదో వచనం నిదానంగా చదవండి. కొత్త నిబంధనలో వైన్ రుచి చూసిన మొదటి మనిషి విందు ప్రధాని. రుచి బాగా తెలిసినవాడు. ఏది మంచిది, ఏది నాసి అని వరసపెట్టి చెప్పగలడు. కానీ అది ఎక్కడి నుంచి వచ్చిందో అతనికి తెలియదు. తెలిసింది ఎవరికి? నీళ్లు తోడి పోసిన పరిచారకులకు. యోహాను పని కట్టుకుని ఈ సంగతి చెబుతాడు. ఆరు రాతి బానలు అంచుల దాకా నింపారంటే ఎన్ని బిందెలు మోశారో ఆలోచించండి. ప్రభువు తన మొదటి సూచకక్రియను పెళ్లికొడుకుకు కూడా చెప్పలేదు, మోసినవాళ్ల చేతుల్లో పెట్టాడు. కానాను సాక్ష్యంగా తెచ్చుకున్నవాళ్లు ఆ విందులో ఎవరి పక్కన కూర్చున్నారో చూసుకోవాలి. మా బండ్రి కుర్రాడు మాత్రం పరిచారకుల పక్కన ఉన్నాడు.

ఇంకో తేడా. కానాలో పెళ్లి ఊరందరిదీ. ద్రాక్షారసం అయిపోతే పెళ్లివారి పరువు పోతుందని ప్రభువు తల్లి కలగజేసుకుంది. అది ఎనిమిది మందికి విడిగా బుక్ చేసుకున్న బల్ల కాదు.

నా అభ్యంతరం వైన్ మీద కంటే ఆ ‘ప్రైవేట్’ అనే మాట మీద ఎక్కువ. పౌలు కొరింథు సంఘాన్ని మందలించింది సరిగ్గా దీని గురించే. మొదటి పత్రిక పదకొండో అధ్యాయం. మనం బల్ల తీసుకునేముందు 23వ వచనం దగ్గర మొదలుపెడతాం. అంతకుముందున్న మూడు వచనాలు మన సంఘాల్లో ఎవరూ చదవరు. కొరింథులో డబ్బున్నవాళ్లు ముందే వచ్చి తమ భోజనం తాము తినేసేవారు. ఓడరేవులో బరువులు మోసి, యజమాని ఇంట్లో పని ముగించుకుని ఆలస్యంగా వచ్చిన బానిసలకు, కూలీలకు ఏమీ మిగిలేది కాదు. ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తులో ఉండేవాడు. ఆ భోజనానికి పౌలు వాడిన గ్రీకు విశేషణం ‘ఇదియోన్’. సొంతానిది, విడిగా ఉంచుకున్నది అని అర్థం. ఈనాటి ‘ప్రైవేట్’కు ఇంతకంటే దగ్గరి మాట లేదు. అది ప్రభువు భోజనం కానే కాదని ఆయన తేల్చేశాడు. లేనివాళ్లను సిగ్గుపరుస్తున్నారా అని అడిగాడు. చివర్లో 33వ వచనంలో ఆయన ఇచ్చిన ఆజ్ఞ ఏమిటి? తాగవద్దని కాదు. ఒకరి కోసం ఒకరు ఆగమని. మనవాళ్లు ఆగలేదు సరికదా, ఆగే పనిని కూడా డ్రైవర్‌కు అప్పగించి వెళ్లారు.

రెండో సమాధానం ఇంకా చదువుకున్నవాళ్లది. “ఇది తాగుడు కాదన్నా, రుచి చూడటం. ఇదొక సంస్కృతి. పైగా రైతుకు మేలు.”

ఈ సంస్కృతి అనే మాట వినగానే నాకు మన ఊళ్లలోని బోర్డులు గుర్తొస్తాయి. తెలుగునాట ఏ చిన్న టౌనుకు వెళ్లినా మద్యం దుకాణం మీద ‘వైన్స్’ అని రాసి ఉంటుంది. లోపల వైన్ కోసం వెతికితే అటక మీద దుమ్ము పట్టిన రెండు సీసాలు దొరికితే గొప్ప. అమ్మేదంతా చీప్ లిక్కర్, క్వార్టర్ బ్రాందీ. కూలి మనిషి కొనేదానికి వైన్ పేరు పెట్టారు. వైన్ తాగేవాళ్లు మాత్రం ఆ బోర్డు కిందికి రారు, కొండల్లో తోటకు వెళ్తారు. ఆ దుకాణం ముందు పడిపోయినవాడు తాగుబోతు. తోటలో పందిరి కింద కూర్చున్నవాడు రసజ్ఞుడు.

కర్ణాటక ఈ విషయాన్ని చట్టాల్లోనే చూపించింది. 2007 జూలైలో ఇక్కడ సారాయి అమ్మకాన్ని నిషేధించారు. మంచిదే, మా బండ్రి ఇంట్లాంటి ఇళ్లు ఎన్నో అప్పటికే కూలిపోయాయి. అదే 2007లో ద్రాక్ష శుద్ధి, వైన్ విధానం అని ఇంకొకటి తెచ్చారు. వైనరీలకు ప్రోత్సాహాలు, రాయితీలు, తర్వాత ప్రత్యేకంగా ఒక వైన్ బోర్డు. ఒకే ఏడాది ఒకే ప్రభుత్వం పేదవాడి ప్యాకెట్టును నేరం చేసి, డబ్బున్నవాడి గ్లాసును వ్యవసాయాభివృద్ధి చేసింది. సారాయి పోయాక పేదవాడు తాగడం మానాడా అంటే లేదు, చిన్న చిన్న అట్ట ప్యాకెట్లలో విస్కీ వచ్చింది. మహారాష్ట్రలో 2022 జనవరిలో పెద్ద సూపర్ మార్కెట్లలో వైన్ అమ్ముకోవచ్చని మంత్రివర్గం నిర్ణయించినప్పుడు కూడా సమర్థించినవాళ్లు ఎత్తుకున్నది రైతు పేరే.

రైతు మేలు నేను కాదనను. 1980ల చివర్లో గ్రోవర్ కుటుంబం నంది కొండల కింద ఫ్రెంచి ద్రాక్ష రకాలతో మొదలుపెట్టినప్పటి నుంచి అక్కడ కొంతమందికి పని దొరికింది. మాకు దగ్గర్లోనే హంపి కొండల్లో కూడా వైన్ తోట ఉంది. అది పెట్టింది మన తెలుగువాళ్లే, హైదరాబాద్ ఔషధ పరిశ్రమకు చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు. నేను చెప్పిన ప్రయాణానికీ ఆ తోటకూ సంబంధం లేదు. తెలుగువాళ్లకు ఈ వ్యవహారం ఎక్కడో ఫ్రాన్సు సంగతి కాదని చెప్పడానికే ఆ పేర్లు ఎత్తాను. తోట ఉన్నచోట కొమ్మలు కత్తిరించేవాళ్లు, గెలలు కోసేవాళ్లు ఉంటారు. అడగాల్సింది వాళ్ల గురించి.

ద్రాక్ష పని ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు మన సంఘాల్లోనే ఉన్నారు. అనంతపురం నుంచి, బళ్లారి నుంచి తోటలకు కూలికి వెళ్లిన అక్కలను అడగండి. యూరప్‌లో తీగ చలికాలం నిద్రపోయి వసంతంలో తనంతట తనే చిగురిస్తుంది. దక్కన్‌లో అంత చలి లేదు. అందుకే ఇక్కడ ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు, వేసవిలో ఒకసారి, వానలు తగ్గుముఖం పట్టాక ఒకసారి. రెండో కత్తిరింపు తర్వాత కన్నులన్నీ ఒక్కసారిగా పగలడానికి చాలా తోటల్లో హైడ్రోజన్ సయనమైడ్ అనే రసాయనం పూస్తారు. గుడ్డతోనో స్పాంజితోనో ఒక్కో కన్నుకు అద్దుకుంటూ పోవాలి. చేతికి తొడుగులు ఉంటే మేలు, లేకపోతే చర్మం కాలుతుంది. ఈ రసాయనానికి ఇంకో గుణం ఉంది. అది ఒంట్లోకి వెళ్లినవాళ్లు మద్యం తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, ఊపిరి ఆడక, వాంతులై పడిపోతారు. అందుకే ఆ పని చేసేవాళ్లు ముందూ వెనకా కొన్ని రోజులు మద్యం ముట్టకూడదని దాని డబ్బా మీదే హెచ్చరిక ఉంటుంది.

ఒకసారి ఆగి చూడండి. వైన్ కావాలంటే తీగ చిగురించాలి. తీగ చిగురించాలంటే ఒకరు ఆ మందు పూయాలి. పూసిన మనిషికి వైన్ విషం. మన తెలుగులో పురుగుమందూ ‘మందే’, మద్యమూ ‘మందే’. ఒకరు తోటలో మందు కొడితే ఇంకొకరు పందిరి కింద మందు కొడతారు. మీకు తోటంతా తిప్పి చూపించిన మనిషి ఏ ద్రాక్షకు ఏ దేశపు వాసన వస్తుందో చెప్పి ఉంటాడు. తొడుగుల గురించి చెప్పాడా? కూలి ఎంతని మీరు అడిగారా? 2025-26కు కర్ణాటకలో ఉపాధి హామీ రోజు కూలి 370 రూపాయలు. మీ ఒక్కరి టికెట్టు అలాంటి ఎన్ని రోజులో మీరే భాగించుకోండి. మత్తయి ఇరవయ్యో అధ్యాయంలో ద్రాక్షతోట యజమాని అడ్డా మీదికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా మళ్లీ మళ్లీ వెళ్తాడు, పని దొరకనివాడికి కూడా ఇంటికి బియ్యం కొనుక్కుపోయేంత కూలి ఇస్తాడు. మన ప్రభువు చెప్పిన కథల్లో ద్రాక్షతోట అంటే చూసి రావాల్సిన చోటు కాదు, కూలి లెక్క తేలాల్సిన చోటు.

బైబిలులో కూడా ఒక ‘టేస్టింగ్’ ఉంది, చాలామంది గమనించరు. ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయం 24వ వచనం. దారిన పోయే ఎవరైనా పొరుగువాడి ద్రాక్షతోటలోకి వెళ్లి కడుపు నిండా తినవచ్చు, గిన్నెలో మాత్రం వేసుకుపోకూడదు. టికెట్టు లేదు, బుకింగ్ లేదు, వాచ్‌మన్ లెక్క లేదు. ఆ తర్వాతి అధ్యాయంలోనే, పండ్లు కోశాక మిగిలినవి మళ్లీ ఏరకూడదు, అవి పరదేశికి, తండ్రిలేని పిల్లలకు, విధవరాలికి అని ఉంది. ఆ ధర్మశాస్త్రం ప్రకారం మా బండ్రి కుర్రాడు పార్కింగ్‌లో బిస్కెట్లు తినాల్సిన పని లేదు. నేరుగా తోటలోకి నడిచి గెల అందుకోవచ్చు.

మూడో సమాధానం విన్నప్పుడు నేను కొంచెంసేపు మాట్లాడలేకపోయాను. ఆ చెల్లెలు ఇలా అంది. “అన్నా, మా తాత రెడ్డిగారి తోటలోకి చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లేవాడు. మా నాన్నకు హోటల్లో వేరే గ్లాసు. నేను నా జీతంతో ఒక తోటలో కుర్చీ వేసుకుని కూర్చుంటే, అందమైన గ్లాసు నా చేతికిస్తే, మీకెందుకు కడుపు మంట? మా సంతోషాలకు ఎప్పుడూ ఎవరో ఒకరు కాపలానా?”

ఈ మాటకు వచనం చూపించి తప్పించుకోవడం సిగ్గుచేటు. ఆమె చెప్పింది నిజం. మన పల్లెల్లో రెండు గ్లాసుల పద్ధతి పుస్తకాల్లోని చరిత్ర కాదు, దాన్ని చేత్తో పట్టుకున్నవాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. సంఘం లోపల కూడా ఆ గ్లాసు పోవడానికి పోరాటమే చేయాల్సి వచ్చింది. తంజావూరు, మద్రాసు సంఘాల్లో అగ్రకుల విశ్వాసులు ఒకే గిన్నెలో ప్రభువు రక్తాన్ని పంచుకోవడానికి ఒప్పుకోకపోతే, 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ సంఘంలో కులం ఉండటానికి వీల్లేదని ఆదేశం పంపాడు. చాలామంది సంఘం వదిలిపోయారు గానీ గిన్నె పంచుకోలేదు. ఆ చరిత్ర ఉన్న చెల్లెలి చేతిలో నచ్చిన గ్లాసు ఉంటే నాకు కోపం రాదు. ఆమె సంపాదన ఆమెది.

కానీ చెల్లెలా, ఆ రోజు తోట బయట చెప్పులు చేత్తో పట్టుకున్న మనిషి స్థానంలో ఎవరున్నారు? అతని తాత, నీ తాత ఒకే రకం తోట బయట నిలబడినవాళ్లు. నువ్వు గేటు దాటడం విజయమే. దాటాక గేటు మూసుకుంది, మూసుకున్న సంగతి నీకు తెలియలేదు. నీ తప్పని కాదు, అక్కడ అంతా అలా తెలియకుండానే జరిగేలా ఏర్పాటు చేసి ఉంటుంది. పార్కింగ్ ఒక దిక్కున, పందిరి ఇంకో దిక్కున. రెండు గ్లాసుల హోటల్లో కనీసం రెండు గ్లాసులూ కళ్లకు కనిపించేవి.

ఇక పెద్దల సంగతి. యువకులను తిట్టి పెద్దలను వదిలేస్తే ఈ రాత అబద్ధమవుతుంది.

ఈ ప్రయాణం సంగతి తెలిసి ఒక కాపరి ఆదివారం అరగంటసేపు యువతను దుమ్మెత్తిపోశారట. మద్యం ముట్టినవాడు పరలోకం చూడడని. అదే కాపరి తన ఊళ్లోని బెల్టు షాపు గురించి ఎన్నడూ నోరెత్తలేదు. ఎత్తితే ఏమవుతుందో మనకు తెలుసు. తెలంగాణలో 2023లో 2,620 మద్యం దుకాణాల కోసం లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. అప్పుడు దరఖాస్తుకు 2 లక్షలు, దుకాణం రాకపోయినా డబ్బు తిరిగి రాదు. అక్కడ గౌడ్‌లకు, ఎస్సీ, ఎస్టీలకు దుకాణాల్లో రిజర్వేషన్ కూడా ఉంది. భూమిలో రానిది సారా కొట్టులో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2024 అక్టోబరులో కొత్త విధానం తెచ్చి క్వార్టర్ 99 రూపాయలకే అని గొప్పగా చెప్పుకుంది. బియ్యం, పప్పు గురించి చెప్పుకున్నట్టు! వీటి మీద మన సంఘాల తీర్మానం ఏది? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు, రోశమ్మ ముందు నడవగా, సారా కొట్టు మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి రెండేళ్లకే 1997లో ఎత్తేశారు కూడా. ఆ ఆడవాళ్లు పాపం అనే మాటతో మొదలుపెట్టలేదు. మా ఆయన కూలి డబ్బు ఎవరి జేబులోకి పోతోంది అని అడిగారు.

యెషయా ఐదో అధ్యాయాన్ని మద్యం మీద ప్రసంగాలకు మన కాపరులు తెగ వాడతారు. పొద్దున్నే లేచి మద్యం కోసం పరుగెత్తేవాళ్లకు శ్రమ అనే 11వ వచనం. దానికి ముందు 8వ వచనం ఉంది. ఇంటికి ఇల్లు, పొలానికి పొలం కలుపుకుంటూ పోయి, ఇక ఎవరికీ చోటు లేకుండా చేసేవాళ్లకు శ్రమ. ప్రవక్త ముందు భూమి కబ్జాను తిట్టి తర్వాత తాగుడును తిట్టాడు. ఆ వరస ఊరికే పెట్టింది కాదు. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి ద్రాక్ష తోటలుండేవి, ఇప్పుడు ఆ నేల మీద ఎక్కడ చూసినా వెంచర్ల రాళ్లు. మా సండూరు కొండలు ఎవరెవరి మధ్య పంచబడ్డాయో 2011లో లోకాయుక్త సంతోష్ హెగ్డే నివేదిక చదివితే తెలుస్తుంది. జాన్ హ్యాండ్స్ 1810లో బళ్లారికి సువార్త తెచ్చాడు. రెండు వందల ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో ఈ జిల్లాలో 11వ వచనం మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్క లేదు. 8వ వచనం మీద విన్నది ఒక్కటీ గుర్తు లేదు. గనుల యజమాని కానుక ఇస్తే ముందు వరసలో కుర్చీ వేశాం. లారీ క్లీనర్ తాగి వస్తే వెలివేశాం. ఇప్పుడు ఐటీ ఉద్యోగి వైన్ రుచి చూస్తే, కానుక పెద్దదైతే ‘ప్రార్థన చేద్దాం’ అంటాం.

కాబట్టి నా మాట సూటిగా చెబుతాను. సంఘం పేరుతో, సహవాసం పేరుతో ఇలాంటి ప్రయాణాలు వద్దు. తాగుడు అలవాటు నుంచి బయటపడాలని ఏడుస్తూ ప్రార్థించేవాళ్లు ఆ సహవాసంలోనే ఉంటారు, వాళ్ల ముందు ఈ ఫొటోలు పెట్టడం ప్రేమ కాదు. రెండో కారణం ఇంతసేపూ చెప్పిందే. సహవాసం అనే మాటకు విడిగా బుక్ చేసుకున్న బల్లతో పొసగదు. ఎవరి డబ్బుతో వాళ్లు విడిగా వెళ్తే నేను గేటు దగ్గర అడ్డం నిలబడను. అప్పుడు కూడా బండిలో ఎంతమంది ఉన్నారో అంతమందికి భోజనం చెప్పండి. డ్రైవర్ మన సంఘ సభ్యుడైనా, హిందువైనా, ముస్లిమైనా సరే. తోట చూపించే మనిషిని కూలి గురించి, తొడుగుల గురించి అడగండి. అడిగితే రుచి చెడిపోతుందనిపిస్తే, ఆ రుచి ఎలాంటిదో మీకే తెలుస్తుంది.

ఈ సంక్రాంతి తర్వాత ఆ సహవాసంలోని ఇద్దరిని బండ్రికి తీసుకెళ్లాలని అడిగాను. ఒకరు వస్తామన్నారు. ఇంకొకరు ‘చూద్దాం అన్నా’ అన్నారు. ఆ చెల్లెలు మాత్రం డ్రైవర్ నంబరు అడిగి తీసుకుంది. ఫోన్ చేసిందో లేదో నాకు తెలియదు, నేను అడగలేదు.

ఫిబ్రవరిలో ద్రాక్ష కోతలప్పుడు ఇంకో గుంపు అదే వైపు వెళ్తోందట, ఈసారి పన్నెండు మంది, పెద్ద తొట్టిలో ద్రాక్ష కాళ్లతో తొక్కే కార్యక్రమం కూడా ఉందట. బండి మళ్లీ ఇతనిదే. మొన్న ఫోన్లో చెప్పాడు. వాళ్లమ్మ రెండు జొన్న రొట్టెలు, చట్నీపొడి కట్టిస్తానందట.